నీలి దీపం కింద కాస్త ఎక్కువసేపు

స్విమ్మింగ్ పూల్, కోచ్ గది
సోమవారం, పిల్లలు వెళ్లాక

జిగురు వదినకి,

కవరు మీద మీ ల్యాబ్ అడ్రసు చూసి కంగారు పడి ఉంటావు. ఇంటికి రాస్తే అన్నయ్య చేతికి చిక్కుతుంది. ఫోన్ చేద్దామంటే నీ ఫోన్ మోగగానే ఎత్తేదీ ఆయనే, ఎత్తి స్పీకర్లో పెట్టేదీ ఆయనే. పైగా ఫోన్లో ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే నా నోరు దానంతటదే బాగున్నానని అనేస్తుంది. కాగితం మీద అబద్ధం రాయాలంటే నాకు బద్ధకం.

విషయం చెప్పేస్తాను. ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. తడి బట్టలు మార్చుకుంటుంటే చేతికి తెలిసింది. ఏ కొవ్వో అనుకుని కొన్నాళ్లు దాన్ని పట్టించుకోనట్టు నటించాను. అది కూడా నన్ను పట్టించుకోకుండా పెరిగింది. పరీక్షలన్నీ అయ్యాయి. క్యాన్సరే. ఈ ఒక్క మాట రాయడానికి రెండు కాగితాలు చించాను, కాబట్టి నువ్వు కావాలంటే రెండుసార్లు చదువుకో, నేను మాత్రం మళ్లీ రాయను.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ముందు మందు ఎక్కించి గడ్డని చిన్నది చేసి, ఆ తర్వాత గడ్డ వరకే తీసేయడం ఒకటి. అలా అయితే రొమ్ము మిగులుతుంది. కానీ మందు పనిచేయకపోతే ఆ నెలలన్నీ గంగలో పోసినట్టే, ఈలోగా గడ్డ చేతులు కట్టుకుని కూర్చోదు. రెండోది, ముందే మొత్తం తీసేయడం. నాకు మొదటి దారే కావాలి వదినా. రోజంతా ఈత బట్టల్లో పదిమంది ముందు నిలబడే మనిషిని. నాకు నా ఒళ్లు ఇలాగే కావాలి.

గడ్డలోంచి చిన్న ముక్క తీసి ఒక ల్యాబ్‌కి పంపుతారట. అక్కడ దాన్ని జెల్‌లో పెంచి, ఈ మందుకి లొంగుతుందో లేదో చూస్తారట. ఇంకా పరిశోధనలో ఉన్న పద్ధతి, దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఏదీ నిర్ణయించం, కానీ తెలిస్తే మంచిదే అంది. ల్యాబ్ పేరు చెప్పగానే ఆవిడ ముందే నవ్వేశాను. ఇన్నేళ్లూ నీ ఉద్యోగాన్ని జిగురు కలపడం అని వెక్కిరించాను కదా, ఇప్పుడు ఆ జిగురు చేతిలోనే పడ్డాను.

అన్నయ్యకి చెప్పకు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికల్లా స్కూల్లో స్టాఫ్ రూమంతా నా కోసం కళ్లు తుడుచుకుంటుంది. జవాబు తేలాక నేనే చెప్తాను.

నీ చేపపిల్ల


ల్యాబ్, కిటికీ పక్క బల్ల
గురువారం

చేపపిల్లకి,

రెండుసార్లే చదవమన్నావు, నాకు లెక్క తప్పింది. చదివాక గ్లవ్స్ వేసుకుని పనిలో కూర్చున్నాను. గ్లవ్స్ ఉంటే కళ్లు తుడుచుకోకూడదు, కాబట్టి ఏడవకుండా గడిచింది. ఇంటికెళ్లాక మీ అన్నయ్య కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయన్నాడు. ఉల్లిపాయలు తరిగానన్నాను. ఆ పూట వంట ఆయనే చేశాడు, అయినా నమ్మేశాడు. పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి ఇలా ఉంటే నాకు అబద్ధం నేర్చుకునే అవసరం ఎప్పుడొచ్చింది.

నువ్వు వెక్కిరించే జిగురు గురించి ఇప్పుడైనా బుద్ధిగా విను. కణాల్ని ఉత్త పళ్లెంలో పెంచితే అవి పలచగా పరుచుకుంటాయి, అసలు బుద్ధి చూపించవు. వాటికి ఒంట్లో ఉన్నట్టే మెత్తగా, తడిగా ఉండే చోటు కావాలి. మా జెల్‌లో దాదాపు అంతా నీళ్లే. కణాల్ని అందులో కలిపి, చుక్కలు చుక్కలుగా వేసి, నీలి దీపం కింద కాసేపు పెడితే ముత్యాల్లా గట్టిపడతాయి. రొమ్ము కండ ఎంత మెత్తగా ఉంటుందో ఆ ముత్యమూ అంతే మెత్తగా ఉండాలి. అప్పుడే కణాలు సొంత ఇంట్లో ఉన్నామనుకుని సొంత ఇంట్లో చేసే వేషాలన్నీ వేస్తాయి. అప్పుడు మందు వేస్తాం. చచ్చాయా, మందు పనికొస్తుంది. బతికాయా, పనికిరాదు.

ఇంకొక్క మాట. ముక్కలు మా దగ్గరికి అంకె అంటించుకుని వస్తాయి. ఎవరివో మాకు తెలియదు, తెలియకూడదు. తెలిస్తే చెయ్యి మారుతుంది అంటుంది మా పెద్ద మేడమ్. కాబట్టి నీది ఎప్పుడు పంపుతారో నాకు చెప్పకు. నేనూ అడగను.

తింటున్నావా? తింటున్నానని అబద్ధం రాయడానికి బద్ధకమన్నావుగా, అందుకే అడుగుతున్నా.

జిగురు వదిన


మా ఇల్లు, వంటింటి బల్ల
బుధవారం

వదినా,

తింటున్నాను. బ్రెడ్డు. కొన్నిసార్లు కాల్చి, కొన్నిసార్లు ఓపిక లేక అలాగే.

నిన్న ముక్క తీశారు. సూది అన్నారు గానీ అది సూది కాదు, టక్కున పేలుతుంది. మొదటి దెబ్బకి ఉలిక్కిపడ్డాను. మళ్లీ పేలుతుందని తెలిసి కదలకుండా పడుకోవడం ఉంది చూశావూ, అది మొదటి దెబ్బ కంటే కష్టం. పూల్‌లో భుజం బెణికిందని చెప్పాను. పొడి బట్టల్లో గట్టు మీద నిలబడి విజిల్ ఊదుతున్నాను. ఇప్పుడిప్పుడే మునగడం నేర్చుకుంటున్న ఒక పిల్ల, టీచర్, మీకూ నీళ్లంటే భయం పట్టుకుందా అని అడిగింది. లేదన్నాను. దానికి నా మీద జాలేసినట్టుంది, తన తువ్వాలు తెచ్చిచ్చింది.

ఇప్పుడు నువ్వు వద్దన్న పని చేస్తున్నాను. అక్కడి నర్సు మాటకారి. ఇవాళ మా ఆసుపత్రి నుంచి ఆ ల్యాబ్‌కి వెళ్లేది మీదొక్కటేనమ్మా, ప్రత్యేకంగా డబ్బా కట్టాం అంది. కొట్టేద్దామని పెన్ను పెట్టాను, కొట్టేయలేకపోయాను. నాది ఎక్కడో అంకె అంటించుకుని దిక్కులేకుండా పడి ఉందనుకుంటే నిద్ర పట్టడం లేదు వదినా. నీ బల్ల మీద ఉందని నీకు తెలుసు అనుకుంటే పడుతుంది.

జాగ్రత్తగా చూసుకో దాన్ని.

నీ చేపపిల్ల


ల్యాబ్, అదే బల్ల
శనివారం

చేపా,

ఎందుకు రాశావే ఆ మాట.

మంగళవారం ఆ ఆసుపత్రి ముద్ర ఉన్న డబ్బా ఒక్కటే వచ్చింది. నా బల్లకే వచ్చింది. నీ ఉత్తరం చేరేసరికి కణాల్ని విడదీసి తేరుకోనిస్తున్నాం, ఇంకా జెల్‌లో పెట్టలేదు. నియమం ప్రకారం పెద్ద మేడమ్‌కి చెప్పి పక్క బల్లకి ఇచ్చేయాలి. చెప్దామనే వెళ్లాను. ఆవిడ ఫోన్లో ఉంది. తలుపు దగ్గర కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. ఆ ఫోన్ ఎప్పుడో అయిపోయింది, నేను మాత్రం మళ్లీ వెళ్లలేదు. నిన్ను ఇంకొకరి చేతిలో పెట్టబుద్ధి కాలేదు.

ఈ రోజు ముత్యాలు వేశాను. సగం కణాలు ఎప్పటిలాగే ఫ్రీజర్లో గడ్డకట్టించి పక్కన దాచాను, మిగతావి వేశాను. మామూలుగా ఒకటీ అరా కరిగిపోతుంటాయి. నీవి ఒక్కటి కూడా చెదరలేదు. నువ్వింత శ్రద్ధగా ఎప్పుడూ చేయలేదు అంది పక్క బల్లావిడ. ఇవాళ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశానన్నాను. సోమవారం మందు వేస్తాను. నువ్వు హాయిగా నిద్రపో.

వదిన


పూల్, టికెట్ల గది వెనక
మంగళవారం

వదినా,

నిద్రపోయాను. లేచాక మళ్లీ గుర్తొచ్చింది, అదొక్కటే బాధ.

మందు వేసి ఉంటావు. ఏమవుతోందో రాయకు. లేదు, రాయి. నిన్నటి నుంచి ఈ రెండు మాటల మధ్యే తిరుగుతున్నాను. అన్నయ్య ఫోన్ చేసి గొంతు బొంగురుగా ఉందేం అన్నాడు. క్లోరిన్ అన్నాను. మా ఆవిడకి ఉల్లిపాయలు, నీకు క్లోరిన్, ఇంట్లో ఆడవాళ్లందరికీ ఏదో ఒకటి పడట్లేదు అన్నాడు. పాపం, ఆయన కూడా ఏదో లెక్క కడుతున్నట్టే ఉంది.

డాక్టరమ్మ ఈ వారాంతానికి దారి తేల్చుకుందాం అంది. నేను మందు దారికి తయారుగా ఉన్నాను. జుట్టు పోతుందట. పోనీ, నీళ్లలో ఎలాగూ టోపీయే కదా.

నీ చేపపిల్ల


ఇల్లు, ముందు గది
గురువారం

చేపపిల్లకి,

నీ ఉత్తరం అందింది. మేమంతా కులాసా. ముందు గదిలో కర్టెన్లు మార్చాం. పాతవి వెలిసిపోయాయని నేను, ఇంకో ఏడాది వస్తాయని మీ అన్నయ్య, చివరికి ఆయనే వెళ్లి కొలతలు తప్పుగా తీసుకుని మోకాళ్ల దాకా ఉండేవి తెచ్చాడు. గది పొట్టి లాగూ తొడుక్కున్నట్టుంది. ఆయన మోకాలి నొప్పి కాస్త నయం. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, అప్పటి నుంచి చెత్తబుట్ట కిందికి తీసుకెళ్లే పని నాది. పై ఇంటివాళ్లు వాయిద్యమేదో నేర్చుకుంటున్నారు. ఏ వాయిద్యమో ఇంకా తేలలేదు. ఇక్కడ వానలు. అక్కడ పూల్ కప్పు కారుతోందని మీ అన్నయ్యతో ఫోన్లో అన్నావట, బాగుచేయించారా? బ్రెడ్డు ఒక్కటే తినకు. ఒళ్లు జాగ్రత్త.

వదిన


మా ఇల్లు, మంచం మీద
సోమవారం

వదినా,

పేజీ నిండా కర్టెన్లు ఉన్నాయి. నాది ఏమైందన్న సంగతి ఎక్కడా లేదు.

నువ్వు మంచి వార్త దాచుకునే మనిషివి కాదు. అన్నయ్యకి జీతం పెరిగితే ఆయన కంటే ముందు నువ్వే నాకు చెప్పావు. కాబట్టి నాకు అర్థమైంది. మందు పనిచేయలేదు. అది నీ నోటితో చెప్పలేక నన్ను మీ ముందు గదిలో తిప్పావు. పర్లేదు, చెప్పకుండానే చెప్పావు.

ఈ రోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి మొత్తం తీసేయండి అన్నాను. ల్యాబ్ నుంచి కాగితం ఇంకా రాలేదు, తొందరేంటి అంది. నాకు తెలుసన్నాను. ఎలా తెలుసంది. ఒంటికి తెలుస్తుందన్నాను. వచ్చే వారానికి తేదీ ఇచ్చింది. బయటికొచ్చి బస్సు ఎక్కి, దిగాల్సిన చోట దిగకుండా చివరి స్టాపు దాకా వెళ్లిపోయాను. డ్రైవరు దిగమ్మా అంటే అప్పుడు దిగాను.

చేప


ల్యాబ్, పెద్ద మేడమ్ గది బయట
బుధవారం

చేపా, ఇది కొరియర్‌లో పంపుతున్నా, అందగానే చదువు.

నీ ఊహ నిజం. మందు వేసినా ముత్యాల్లో కణాలు చావలేదు. ఎంత పెంచి వేసినా చావలేదు. నేను నమ్మలేక మళ్లీ మళ్లీ చూశాను, నీకు రాయలేక కర్టెన్లు రాశాను. మింగలేక కక్కలేక ఉన్నాను ఆ వారమంతా.

కానీ నిన్న పెద్ద మేడమ్ నా పళ్లెం చూడ్డానికి వచ్చింది. ఒక ముత్యాన్ని పట్టకారుతో నొక్కింది. నొక్కుకోలేదు. ఇంకోటి నొక్కింది. దీన్ని దీపం కింద ఎంతసేపు ఉంచావు అని అడిగింది. అప్పుడు నాకు అర్థమైంది. కాస్త ఎక్కువసేపు ఉంచాను. చెదిరిపోకూడదని. నీవి కదా అని. రోజూ కళ్లు మూసుకుని చేసే పనిని ఆ ఒక్క రోజు కళ్లు పెద్దవి చేసుకుని చేశాను. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ దీపం ఆపలేదు. గట్టి జెల్‌లోకి మందు లోపలి దాకా పోదు. పైగా గట్టి చోట కణాలు ఇంకా మొండికేస్తాయి. గారాబం చేసి చెడగొట్టడమంటే ఇదే. కాబట్టి నా పరీక్ష చెప్పిన జవాబు జవాబే కాదు. మందు నీకు పనిచేస్తుందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మేడమ్‌కి అంతా చెప్పాను, నువ్వు ఎవరివో కూడా. ఆవిడ అరవలేదు, అరిచినా బాగుండేది. నన్ను ఆ పని నుంచి తప్పించింది. దాచిన సగంతో పక్క బల్లావిడ మొదటి నుంచి మళ్లీ చేస్తుంది. మేడమే మీ డాక్టరమ్మతో మాట్లాడింది. ఆపరేషన్ కొద్ది రోజులు ఆపినా ప్రమాదం లేదని ఆవిడ అంటే ఆపుకో, ఉందంటే నా మాట వినకు.

ఇంకోటి. మీ అన్నయ్యకి చెప్పేశాను. నీకిచ్చిన మాట తప్పాను. నువ్వు ఒక్కదానివే ఆపరేషన్‌కి వెళ్తావని తెలిసి ఆయన పక్కన కూర్చుని టీ తాగలేకపోయాను.

వదిన


పూల్, కోచ్ గది
శనివారం

వదినా,

డాక్టరమ్మ రెండు వారాలు ఆగొచ్చంది. ఆగుతున్నాను.

అన్నయ్య వచ్చాడు. కుంటుకుంటూ పూల్‌లోకి వచ్చేసి, బూట్లకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు. క్లాసు అయ్యేదాకా కదల్లేదు. ఇంటికొచ్చాక ఉన్న గిన్నెలూ లేని గిన్నెలూ తోమాడు. ఊరంతా టముకేసే మనిషి, నాతో ఒక్క మాట అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, నేను నీకంటే పదేళ్ల ముందు పుట్టింది ఇందుకేనా, అని మెట్ల మీద ఏడ్చాడు.

నీ మీద చాలా కోపం వచ్చింది. ముత్యాలు గట్టిపడినందుకు కాదు, దానికి సగం కారణం నేనే, నా నోరు ఊరుకోలేదు. కోపం కర్టెన్లకి. చెప్పవలసిన మనిషివి చెప్పకపోతే, నేను నీ మౌనాన్ని చదువుకుని నా ఒంట్లో భాగాన్ని తీసేయమని చెప్పొచ్చాను. ఇకమీదట చావు కబురైనా సరే చల్లగా కాదు, వేడిగానే చెప్పు.

ఇది రాశాక కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు.

చేపపిల్ల


ల్యాబ్, కొత్త బల్ల
మంగళవారం

చేపపిల్లకి,

నీ కోపం సబబే. మొత్తం తగ్గనివ్వకు, కొంచెం దాచుకో, నేను మళ్లీ కర్టెన్లు రాస్తే పనికొస్తుంది.

వేడిగా చెప్పమన్నావు. ఇప్పుడు నాకు తెలిసింది ఇంతే. పక్క బల్లావిడ ముత్యాలు వేసింది. మెత్తగా వచ్చాయట, మేడమ్ స్వయంగా నొక్కి చూసింది. ఈసారి అదే మందు, దాంతోపాటు ఇంకో మందు కూడా వేశారు. నన్ను ఆ గదిలోకి రానివ్వరు. నేను గాజు తలుపు పక్క నుంచి వెళ్లేటప్పుడు తల తిప్పుకుని వెళ్తున్నాను, మెడ పట్టేసింది. జవాబు మేడమ్ నుంచి నేరుగా మీ డాక్టరమ్మకి వెళ్తుంది. నీకు తెలిశాకే నాకు.

నా జీవితంలో చాలా పనులు సరిగ్గా చేశానని పేరు. ఇది మాత్రం తప్పే చేసి ఉండాలి. నా చేతుల తప్పు వల్లే అవి బతికుండాలి. రోజంతా ఇదొక్కటే అనుకుంటున్నాను.

వదిన


ఆసుపత్రి, డాక్టరమ్మ గది బయట బెంచీ
సోమవారం

వదినా,

ఇంటికెళ్లేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను. కాగితం అన్నయ్య జేబులోది, వెనక ఏవో పిల్లల మార్కులున్నాయి, పట్టించుకోకు.

జవాబు వచ్చింది. జెల్ సరిగ్గా ఉంది, మెత్తదనం సరిగ్గా ఉంది, అంతా పద్ధతిగా చేశారు. ఆ మందుకి నా కణాలు చావలేదు. నీ గట్టి ముత్యాల్లో ఎలా బతికాయో వాళ్ల మెత్తటి ముత్యాల్లోనూ అలాగే బతికాయి. నువ్వు తప్పుగా చేసినా ఒప్పు జవాబే వచ్చింది.

డాక్టరమ్మ రెండు పరీక్షల కాగితాలూ, నా స్కానులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. మందు దారిలో వెళ్లి ఉంటే నెలల తరబడి జుట్టూ ఓపికా పోగొట్టుకుని, చివరికి గడ్డ పెరిగాక ఇక్కడికే వచ్చేదానివి, అంది. రెండో మందు మాత్రం చాలావాటిని చంపిందట. అయినా గడ్డని ఒంట్లో ఉంచుకుని ఇంకో మందు ప్రయత్నించే వ్యవధి లేదు, ముందు మొత్తం తీసేసి, తర్వాత అది ఇద్దాం అంది. పూర్తిగా నయమవుతుందా అని అన్నయ్య అడిగాడు. ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. మంచి అవకాశం ఉంది అంది. నేను సరే అన్నాను. ఈసారి నీ మౌనం చదువుకుని కాదు, తెలిసి అన్నాను.

ఒకటి చెప్పాలి. నువ్వు తప్పు చేశావని తెలిసిన రోజు నుంచి నేను ఆ తప్పుని పట్టుకునే వేలాడాను. పొద్దున్నే లేచి, వదిన పాడుచేసింది, అందుకే అలా వచ్చింది, నాకేం కాదు అనుకునేదాన్ని. అన్నయ్య రోజూ ఫోన్ చేసి, మీ వదిన సంగతి నాకు తెలుసు, దానికి అన్నిట్లోనూ అతి జాగ్రత్తే, కచ్చితంగా చెడగొట్టే ఉంటుంది, నువ్వు ధైర్యంగా ఉండు అనేవాడు. మనిషి పెళ్లాన్ని ఇంత ప్రేమగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు. నీ తప్పు మా ఇద్దరికీ రెండు వారాల పాటు అన్నం పెట్టింది. ఈ రోజు అది నీ తప్పు వల్ల కాదని తేలాక, బయటికొచ్చి ఇద్దరం ఈ బెంచీ మీద కూర్చుని ఏడ్చాం. నువ్వు కూడా చదివి ఏడుస్తావు. గ్లవ్స్ తీసేసి ఏడువు.

ఆపరేషన్ శుక్రవారం పొద్దున. నాకు భయంగా ఉంది వదినా. ఇన్ని ఉత్తరాల్లోనూ భయమన్న మాట నా గురించి రాయకుండా తప్పించుకున్నాను. మత్తు ఇచ్చేదాకా పక్కన ఒకరిని ఉండనిస్తారట. అన్నయ్య ముందుకొచ్చాడు, నేను వద్దన్నాను.

నువ్వు రా.

నీ చేపపిల్ల